పది వేళ్ళ లెక్క

"మీ మామ పది వేళ్ళతోని రిటైరైండు" అని మా అత్తమ్మ ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేది. పెన్షన్ ఎంత వస్తోంది, క్వార్టరు ఎప్పుడు ఖాళీ చేశారు వంటివన్నీ తర్వాత. ముందు ఈ మాట. నాకు చాలాకాలం ఇది అర్థం కాలేదు. వేళ్ళు అందరికీ పదే కదా, అందులో గొప్పగా చెప్పుకోవడానికేముంది అనుకునేవాణ్ణి. మామ రైల్వేలో షంటింగ్ జమాదారు. బొగ్గుబావుల ఊళ్ళలో, సైడింగుల మీద ముప్ఫై ఏళ్ళకు పైగా వ్యాగన్లను కలపడం, విడదీయడమే ఆయన పని. ఆయనతో పనిచేసిన ఒకరిద్దరి చేతులు దగ్గర్నుంచి చూశాక గానీ అత్తమ్మ మాటకున్న బరువు నాకు తెలియలేదు.

సైడింగ్ అంటే మెయిన్ లైను నుంచి విడిపోయి ఫ్యాక్టరీ గేటులోకో, గని దగ్గరి బంకరు కిందికో పోయే పక్కదారి. ఎక్స్‌ప్రెస్ బండిలో కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళకు అది రెప్పపాటు కనబడి మాయమవుతుంది. తుప్పు పట్టిన పట్టాలు, వాటి మధ్య గడ్డి, నిలబడి ఉన్న నాలుగు వ్యాగన్లు, అంతే. కానీ బొగ్గయినా సిమెంటయినా ఎరువు బస్తాలయినా, గూడ్సు బండి ప్రయాణం మొదలయ్యేదీ ముగిసేదీ ఎక్కువగా అలాంటి చోట్లే. మెయిన్ లైనులో కలిసే ముందు సైడింగుకు ఒక ట్రాప్ పాయింటు పెడతారు. లోపల నిలబెట్టిన వ్యాగను ఎప్పుడైనా దానంతటదే దొర్లి బయటికి వస్తే, ఆ పాయింటు దాన్ని పట్టాల మీద నుంచి తప్పించి నేలమీదికి దించేస్తుంది. ఎదురుగా వచ్చే ప్యాసింజరుకు అడ్డం పడనివ్వదు. ఒక వ్యాగను పోతే పోయింది, జనం బతకాలి అని ముందే ఆలోచించి పెట్టిన ఏర్పాటు అది. సైడింగులో ప్రతి వస్తువు వెనకా ఇలాంటి ఒక పాత ప్రమాదం దాగి ఉంటుందని మామ అనేవాడు.

1980ల మొదట్లో, సెలవుల్లో, లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర నిలబడి ఆయన పని చూసేవాణ్ణి. ఆవిరి ఇంజను ఖాళీ వ్యాగన్లను ముందుకు నెట్టుకుంటూ సైడింగులోకి వచ్చేది. ఇంజను వెనకాల ఉంటుంది కనుక ముందర ఏముందో డ్రైవరుకు కనబడదు. అతనికి కళ్ళు మామ చేతిలోని లాంతరే. పచ్చదీపం మెల్లగా పైకీ కిందికీ ఊగితే దూరంగా పొమ్మని. ఒంటికి అడ్డంగా ఊగితే నా వైపు రమ్మని. తలపైకి ఎత్తి మణికట్టు తిప్పితే, కలపబోతున్నాం, నింపాదిగా రమ్మని. ఎర్రదీపమైతే ఆగమని. నోటిమాట ఒక్కటీ లేకుండా అంత బరువూ ఆ చిన్న దీపం చెప్పినట్టు విని వచ్చి ఆగేది.

బఫర్లు తాకిన చప్పుడు వ్యాగను నుంచి వ్యాగనుకు పాకుతూ దూరం పోయేది. ఆ తర్వాతే అసలు పని. మామ వంగి, బఫర్ల కింది నుంచి రెండు వ్యాగన్ల నడుమకు దూరేవాడు. బరువైన స్క్రూ కప్లింగును రెండు చేతులా ఎత్తి అవతలి వ్యాగను కొక్కేనికి తగిలించి, స్క్రూ తిప్పి బిగించి, వ్యాక్యూమ్ గొట్టాలు కలిపేవాడు. చీకట్లో మనిషి కనబడడు. ఆయన పక్కన పెట్టుకున్న లాంతరు వెలుతురు మాత్రం చక్రాల సందుల్లోంచి కంకర మీద పడేది. ఆ వెలుతురునే చూస్తూ నిలబడేవాణ్ణి.

"బండి ఆగిందా లేదా అని కండ్లతోని చూడొద్దు. చెవులతోని వినాలె. చప్పుడు చచ్చినంకనే నడుమకు పోవాలె" అనేవాడు. వ్యాగన్ల మధ్య ఉండే సందు, అంటే స్లాకు, పూర్తిగా సర్దుకునేదాకా నిలబడ్డట్టు కనబడే వ్యాగను కూడా ఒక అడుగు కదలవచ్చు. ఆ ఒక్క అడుగులోనే చెయ్యి పోతుంది.

ఆ నడుమ నుంచి మనిషిని బయటికి రప్పించడానికి లోకానికి ఎన్నేళ్ళు పట్టిందో చదివి తెలుసుకున్నప్పుడు, ఇది ఒక యంత్రం కథ మాత్రమే కాదని అర్థమైంది.

కథ అమెరికాలో మొదలవుతుంది. అక్కడి మొదటి తరం సరుకు వ్యాగన్లకు ఉన్నది లింక్ అండ్ పిన్ పద్ధతి. వ్యాగను కొసన గరాటు లాంటి ఇనుప నోరు. అందులో కోలగా ఉండే ఒక ఇనుప కడియం, అదే లింకు. కలపాలంటే బ్రేక్‌మన్ రెండు వ్యాగన్ల మధ్య నిలబడాలి. నిలిచి ఉన్న వ్యాగను నోట్లోంచి వేలాడే లింకును చేత్తో ఎత్తి పట్టుకోవాలి. కదులుతూ మీదికి వస్తున్న వ్యాగను నోట్లోకి దాన్ని సరిగ్గా దూర్చి, అది దూరీ దూరకముందే చెయ్యి లాక్కోవాలి. ఆపైన పిన్ను దింపాలి. అన్ని వ్యాగన్ల నోళ్ళూ ఒకే ఎత్తులో ఉండేవి కావు. వంకర లింకులు, అరిగిపోయిన పిన్నులు మామూలే. వాన, మంచు, రాత్రి అని పని ఆగదు. ఉద్యోగం అడగడానికి వచ్చినవాడి చేతికి రెండు వేళ్ళు తక్కువుంటే, వీడికి పని తెలుసని లెక్కగట్టేవారని ఆ రోజుల గురించి రాసినవాళ్ళు చెబుతారు. అది చదివినప్పుడు నాకు అత్తమ్మే గుర్తొచ్చింది.

దానికి తోడు సరుకు బండ్లకు బ్రేకులు వేయడం కూడా మనుషుల చేతి పనే. కదిలే బండి పైకప్పుల మీద పరుగెత్తుతూ, ఒక్కో వ్యాగను దగ్గర ఆగి, చక్రం తిప్పి బ్రేకు బిగించాలి. చేతులు కింద పోయేవి, ప్రాణాలు పైనుంచి పడి పోయేవి.

చేతులు పోయే ఈ పనికి విరుగుడు కనిపెట్టిన ఎలై జానీ ఇంజనీరు కాదు. వర్జీనియా మనిషి. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది సైన్యంలో పనిచేసి, ఓడిపోయి, ఆస్తి పోగొట్టుకొని అలెగ్జాండ్రియా పట్టణంలో ఒక బట్టల కొట్లో గుమాస్తాగా చేరాడు. కొట్లో తీరిక దొరికినప్పుడు చాకుతో చెక్కముక్కలు చెక్కుతూ కూర్చునేవాడు. రెండు చేతుల వేళ్ళను కొక్కేల్లా వంచి, ఒకదానిలో ఒకటి తగిలించి లాగి చూస్తే తట్టిన ఆలోచన ఇదని చెబుతారు. మీరూ చేసి చూడండి. కుడిచేతి వేళ్ళు, ఎడమచేతి వేళ్ళు సగం ముడిచి ఎదురెదురుగా తగిలించండి. లాగిన కొద్దీ పట్టు గట్టిపడుతుంది. పక్కకు విప్పితే మాత్రం ఇట్టే ఊడిపోతుంది. వేల చేతులు పోవడానికి కారణమైన పనికి విరుగుడు ఒక చేతిలోనే దొరికిందన్న సంగతి నన్ను ఇప్పటికీ వదలదు.

1873 ఏప్రిల్ 29న జానీకి పేటెంట్ వచ్చింది. ఇవాళ మన గూడ్సు వ్యాగన్ల కొసన కనబడే పిడికిలి లాంటి ఇనుప తలకాయకు మూలం అదే. మనవాళ్ళు దీన్ని సీబీసీ అంటారు, సెంటర్ బఫర్ కప్లర్. తలకాయలో ఒక వేలు కణుపు లాంటి భాగం మడతబందు మీద కదిలినట్టు తిరుగుతుంది. దాని పేరే నకిల్. రెండింటిలో కనీసం ఒక నకిల్ తెరిచి ఉంటే చాలు. వ్యాగన్లు తాకగానే తెరిచి ఉన్న నకిల్ లోపలికి తిరుగుతుంది. అది పూర్తిగా మూసుకోగానే లోపలున్న లాకు తన బరువుకు తానే కిందికి జారి అడ్డం పడుతుంది. ఇక ఎంత లాగినా నకిల్ తెరుచుకోదు. విడదీయాలంటే వ్యాగను పక్కన నిలబడి హ్యాండిల్ ఎత్తితే లాకు పైకి లేస్తుంది. స్ప్రింగుల మీద ఆధారపడకుండా భూమి ఆకర్షణతో పనిచేసేట్టు చేయడంలోనే దాని బలమంతా ఉంది. మట్టి పడినా, తుప్పు పట్టినా, బరువు కిందికి జారక మానదు.

ఇంత తేలికగా ఉన్నది వెంటనే అందరూ పెట్టుకొని ఉంటారనుకుంటాం. పెట్టుకోలేదు. దీనికి కారణం సరుకు బండి స్వభావంలోనే ఉంది. ఒక కంపెనీ వ్యాగను పది కంపెనీల పట్టాల మీద తిరుగుతుంది. ఎవరి సైడింగులో ఎవరి వ్యాగను పక్కన నిలబడుతుందో తెలియదు. నేనొక్కణ్ణి మంచి కప్లర్ పెట్టుకుంటే ఏం లాభం, పక్క వ్యాగనుకు అది లేకపోతే? అందరూ పెట్టుకుంటేనే పనికొచ్చే వస్తువును మొదట ఎవరు పెట్టుకుంటారు? పైగా ఆ రోజుల్లో కప్లర్ల మీద పేటెంట్లు వేలల్లో ఉన్నాయి. ఏది పెట్టుకోవాలన్నా ఒక వాదన, ఏదీ పెట్టుకోకపోవడానికి వంద వాదనలు.

ఇంకో కారణం నాకు వీటన్నిటికంటే పెద్దదిగా కనబడుతుంది. కప్లర్ ఖర్చు కంపెనీది, తెగిన వేలు కూలివాడిది. ఈ పనిలో ప్రమాదం ఉందని తెలిసే చేరావు కనుక నష్టం నువ్వే భరించు అని ఆనాటి కోర్టులు తీర్పులిచ్చేవి. వేలు పోయినవాణ్ణి ఇంటికి పంపి కొత్తవాణ్ణి పెట్టుకోవడం, వ్యాగన్లన్నిటికీ కప్లర్లు మార్చడం కంటే చవక. ఈ లెక్క మారనంతకాలం జానీ కప్లర్ ఎంత బాగుందన్నది అనవసరం.

లెక్క మార్చడానికి బయలుదేరినవాడు రైల్వే మనిషి కూడా కాదు. లొరెంజో కాఫిన్ అయోవా రాష్ట్రంలో ఒక రైతు. అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో మతాధికారిగా పనిచేశాడు. 1874లో ఒక స్టేషన్లో బండి ఆగి ఉండగా, వ్యాగను కలపబోయి ఒక బ్రేక్‌మన్ వేళ్ళు నలిగిపోవడం కళ్ళారా చూశాడు. చూసినవాళ్ళు ఎందరో ఉంటారు. ఈయన మాత్రం దాన్ని మరచిపోలేకపోయాడు. రైళ్ళలో తిరిగి బ్రేక్‌మన్లతో మాట్లాడాడు, యార్డుల్లో లెక్కలు రాసుకున్నాడు, కంపెనీల అధికారులకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. పత్రికలవాళ్ళు ఆయన్ను చూస్తే తప్పుకునేవారట. 1883లో అయోవా రైల్వే కమిషనరు పదవి వస్తే దాన్నీ ఈ పనికే వాడాడు.

ఇంతలో రైలుపెట్టెలు తయారుచేసేవాళ్ళ సంఘం 1885లో బఫలో నగరంలో రకరకాల కప్లర్లను పోటీకి పెట్టి పరీక్షించింది. 1887లో జానీ తరహా కప్లర్‌ను ప్రమాణంగా ఎంచుకుంది. ఏ కంపెనీ పోతపోసినా ఒకదానితో ఒకటి కలవాలంటే తలకాయ ఆకారం అందరిదీ ఒకటే ఉండాలి. ఆ ఆకారం మీద తన పేటెంటు హక్కును జానీ వదులుకున్నాడు. ఈ కథలో ఇది చిన్న వాక్యంగానే వస్తుంది గానీ, ఆయన ఆ హక్కును బిగబట్టుకొని ఉంటే ఇంకెన్ని వేలమంది చేతులు పోయేవో ఎవరు చెప్పగలరు?

1889లో అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ కాంగ్రెస్‌కు పంపిన సందేశంలో, రైల్వే పనివాడికి యుద్ధంలో సైనికుడికి ఉన్నంత ప్రాణభయం ఉండడం నాగరికతకు తలవంపులన్న భావం వ్యక్తం చేశాడు. 1893 మార్చి 2న సేఫ్టీ అప్లయన్స్ చట్టం మీద సంతకం పెట్టాడు. మనుషులు వ్యాగన్ల నడుమకు పోకుండానే తాకగానే కలిసే కప్లర్లు, ఇంజను నుంచి నడిచే బ్రేకులు తప్పనిసరి అన్నది దాని సారాంశం. ఆ ఏడాది జూన్‌తో ముగిసిన పన్నెండు నెలల్లో వ్యాగన్లు కలపడంలో, విడదీయడంలో అమెరికాలో చనిపోయినవాళ్ళు 433 మంది, గాయపడినవాళ్ళు 11,277 మంది. అంటే రోజుకు ముప్ఫై మందికి పైగా. పరిశ్రమల సైడింగులు, యార్డులు, దారి పక్క చిన్న స్టేషన్లు ఎక్కడపడితే అక్కడ రోజూ, ఒక్కరొక్కరుగా. ఒకేచోట ముప్ఫై మంది గాయపడితే అది పత్రికల్లో పెద్ద వార్త. ముప్ఫై చోట్ల ఒక్కొక్కరు గాయపడితే ఎవరికీ కనబడదు. కాఫిన్ చేసిందల్లా ఆ ముప్ఫై మందినీ ఒకచోట చేర్చి చూపించడమే.

కంపెనీలకు 1898 దాకా గడువిచ్చారు, తర్వాత దాన్ని 1900 ఆగస్టు 1 వరకు పొడిగించారు. ఈ మధ్యకాలం చాలా ప్రమాదకరమైనది. సగం వ్యాగన్లకు కొత్తవి, సగానికి పాతవి. కొత్త నకిల్‌కు కూడా లింకు పట్టేలా గాడి, పిన్ను దిగేలా రంధ్రం చేసి పంపారు. కొత్త తలకాయ ముందు కూడా మనిషి నిలబడి పాత లింకును చేత్తో దూర్చాల్సి వచ్చేది. మంచి వస్తువు వచ్చాక కూడా, అది అందరి దగ్గరికీ చేరేదాకా చేతులు దాని నోట్లోకే పోయాయి.

గడువు ముగిసి నాలుగే రోజులు. 1900 ఆగస్టు 5న యూటా రాష్ట్రంలోని ప్రొమాంటరీ దగ్గర ఒక బ్రేక్‌మన్ ఇంజనును భోజనశాల పెట్టెకు కలపబోయి చెయ్యి పోగొట్టుకున్నాడు. ఇంజనుకు జానీ కప్లర్ ఉంది, పెట్టెకు ఇంకో రకం ఆటోమేటిక్ కొక్కెం ఉంది. రెండూ వాటి వాటి జాతితో కలుస్తాయి, ఒకదానితో ఒకటి కలవవు. రెంటికీ ఆటోమేటిక్ కప్లర్లు ఉన్నాయి కదా, పైగా చట్టం చెప్పింది పెట్టెల గురించి, ఇంజను పెట్టె కాదు కదా అని కింది కోర్టులు కంపెనీ వైపే నిలిచాయి. 1904లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఇంజను కూడా చట్టం కిందికే వస్తుంది, కప్లర్లు పేరుకు ఆటోమేటిక్ అయితే చాలదు, ఎదుటిదానితో మనిషి సాయం లేకుండా కలవాలి అని తేల్చింది.

ఇక మన దారి. మన రైల్వే బ్రిటన్ నమూనా. బ్రిటన్ వ్యాగన్లకు రెండు పక్కలా బఫర్లు, మధ్యలో కొక్కెం, గొలుసు. షంటర్లు వ్యాగన్ల నడుమకు పోకుండా పక్క నుంచే పొడవాటి కర్ర చివరి కొక్కెంతో గొలుసును ఎత్తి తగిలించే నేర్పు అక్కడ పెరిగింది. ఆ కర్ర పట్టినవాడి మెళకువ చూడముచ్చటగా ఉండేదని చెబుతారు. కానీ బొగ్గు గనుల యజమానులకు సొంత వ్యాగన్లు లక్షల్లో ఉండడంతో కప్లర్లు మార్చే సంగతి ముందుకు సాగలేదు. చిన్న సైడింగుల్లో ఇంజను దండగని గుర్రాలతోనే వ్యాగన్లు లాగించారు. ఆ దేశపు చివరి షంటింగ్ గుర్రం చార్లీ 1967లో న్యూమార్కెట్ స్టేషన్లో విరమణ పొందింది. పందెపు గుర్రాలను మోసే వ్యాగన్లను జరపడమే దాని పనట.

మన తెలుగు నేల మీద పరిశ్రమ సైడింగు అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఇల్లందు. భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ 1871లో అక్కడ బొగ్గు కనుక్కున్నాడు. 1889లో తవ్వకం మొదలైంది. నిజాం హామీతో నడిచిన రైల్వే బెజవాడ దాకా చేరిందీ ఆ కాలంలోనే. డోర్నకల్ నుంచి ఇల్లందుకు పోయే శాఖ లైను బొగ్గు కోసమే పుట్టింది. రైలు ఉంది కనుక బొగ్గు తవ్వారు, బొగ్గు ఉంది కనుక రైలు నడిచింది. ఆ బొగ్గుతోపాటే బఫర్ల నడుమకు వంగి దూరే పని కూడా మన ఊళ్ళకు వచ్చింది. మా మామ అందుకున్నది ఆ వారసత్వమే.

ఇక్కడ ఒక్కసారి జపాన్ వైపు చూడాలి. ఈ మొత్తం కథలో నేను పదే పదే తిరిగి చదివే ఘట్టం అదే. అక్కడ హోన్షూ దీవి రైల్వే బ్రిటిష్ పద్ధతిలో మొదలైంది, హొక్కైడో దీవిలో అమెరికన్ల చేతుల మీదుగా. ఒకచోట స్క్రూ కప్లింగు, ఒకచోట ఆటోమేటిక్. హోన్షూలో చేతులు పోతూనే ఉన్నాయి. మార్చాలని నిశ్చయించుకున్నాక, అమెరికాలోలా సగం సగం మారే మధ్యకాలమే వద్దనుకున్నారు. ఏళ్ళ తరబడి సిద్ధమయ్యారు. కొత్త కప్లర్లను ముందే తయారుచేసి, ఏ వ్యాగనుది ఆ వ్యాగను కిందే వేలాడదీశారు. వ్యాగన్లు తమకు కావలసిన కప్లర్‌ను తామే మోసుకుంటూ దేశమంతా తిరిగాయి. పనివాళ్ళకు శిక్షణ ఇచ్చారు. 1925 జూలై 17న హోన్షూలో సరుకు బండ్లను ఆపేసి, ఎక్కడి వ్యాగన్లకు అక్కడే, ఆ ఒక్కరోజులోనే పాతవి ఊడదీసి కొత్తవి బిగించారు. మూడు రోజుల తర్వాత క్యూషూ దీవిలోనూ అదే చేశారు. పొద్దున ఏ నడుమకైతే మనిషి వంగి దూరాడో, సాయంత్రానికి అక్కడ మనిషితో పనిలేదు.

సోవియట్ యూనియన్ తన సొంత నమూనాకు 1935లో మొదలుపెట్టి 1957లో పూర్తిగా మారింది. పశ్చిమ ఐరోపా సరుకు వ్యాగన్లు ఇన్ని దేశాల మధ్య తిరుగుతూ ఇవాళ్టికీ చాలావరకు స్క్రూ కప్లింగుతోనే నడుస్తున్నాయి.

మనదేశంలో మార్పు వచ్చిన తీరు వేరు. చేతుల కోసం కాదు, టన్నుల కోసం వచ్చిందని నా అభిప్రాయం. స్వాతంత్ర్యం తర్వాత ఉక్కు కర్మాగారాలు వచ్చాయి, బొగ్గు, ఇనుప ఖనిజం రవాణా ఎన్నో రెట్లు పెరిగింది. 1960లలో బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని జపానుకు ఎగుమతి చేయడానికి తూర్పు కనుమలను తొలుచుకుంటూ కొత్తవలస - కిరండూల్ లైను వేశారు. అలాంటి ఎత్తుపల్లాల మీద అంతంత బరువు లాగడానికి స్క్రూ కప్లింగు బలం చాలదు. కొత్తగా వచ్చిన పెద్ద బోగీ వ్యాగన్లకు సీబీసీ బిగించారు. 1980లలో బాక్స్-ఎన్ వ్యాగన్లు వచ్చాయి. ఒక్కోదాని మొత్తం బరువు 81.28 టన్నులు. అలాంటివి 58 కలిస్తే ఒక రేకు, అంటే దాదాపు 4,700 టన్నులు. ఆ బరువును ఒకదాని వెనక ఒకటిగా పట్టుకుని ఉండేది బట్టల కొట్టు గుమాస్తా ఊహించిన ఆ వంచిన వేళ్ళే.

అయితే మనకూ మధ్యకాలం తప్పలేదు. కొన్ని వ్యాగన్లకు సీబీసీ, కొన్నింటికి స్క్రూ, రెంటినీ కలపడానికి రెండు ఏర్పాట్లూ ఉన్న వ్యాగన్లు. రకరకాలవి కలిసొచ్చిన రాత్రే తనకు ఎక్కువ భయమని మామ చెప్పేవాడు. "ఒక్కతీరువి అయితే చెయ్యికి అలవాటుంటది. కలగూరగంప వచ్చిందంటే ఒక్కోదాని దగ్గర ఒక్కో తీరు. చెయ్యి మర్చిపోతది." పాత ఐసీఎఫ్ నమూనా పెట్టెలతో నడిచే చాలా ప్యాసింజరు బండ్లకు ఇప్పటికీ స్క్రూ కప్లింగు ఉంటుంది. స్టేషన్లో ఇంజను మారుస్తున్నప్పుడు ప్లాట్‌ఫారం చివరికి వెళ్ళి చూస్తే, నడుమకు దిగే మనిషి కనబడతాడు.

షంటింగునే తగ్గించే పద్ధతులు కూడా వచ్చాయి. పూర్వం ఒక బండిలో పది ఊళ్ళకు పోయే వ్యాగన్లు ఉండేవి. దారిలో యార్డు యార్డుకూ విడదీసి కలపాలి. రేకు మొత్తం ఒకే చోటు నుంచి ఒకే చోటికి పోయే పద్ధతి బలపడ్డాక ఆ పని చాలావరకు పోయింది. రామగుండంలో 1983లో మొదటి యూనిట్ నడిచిన ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రానికి బొగ్గు తెచ్చే మెర్రీ గో రౌండ్ బండ్లు ఇంకో అడుగు ముందుకేశాయి. గని దగ్గర నింపుకుంటాయి, కేంద్రం దగ్గర తొట్టి మీదుగా మెల్లగా పోతుంటే వ్యాగన్ల అడుగు తలుపులు తెరుచుకొని బొగ్గు కిందికి జారుతుంది, బండి వెనక్కు పోతుంది. ఎక్కడా విప్పే పని లేదు.

కానీ అన్నిచోట్లా అలా కాదు. వ్యాగను టిప్లర్ ఉన్న సైడింగులో బాక్స్-ఎన్ రేకు వస్తే, ఒక్కో వ్యాగనునూ విడదీసి, పట్టాలతో సహా పక్కకు తిరగదోసి బొగ్గు పారబోస్తారు. యాభై ఎనిమిది వ్యాగన్లకు యాభై ఎనిమిదిసార్లు ఆ పనే. ముందు ఒక్కో వ్యాగను బ్రేకుల్లోని గాలి వదలాలి, గొట్టాలు విడదీయాలి. ఖాళీ అయ్యాక మళ్ళీ అన్నీ కలపాలి.

ఆ గొట్టాలే ఇక్కడ అసలు సంగతి. జార్జ్ వెస్టింగ్‌హౌస్ ఇరవై రెండేళ్ళ వయసులో, 1869లో గాలి బ్రేకుకు పేటెంట్ తీసుకున్నాడు. బండి పొడవునా గాలి నింపిన గొట్టం, అది తెగితే బ్రేకులు వాటంతటవే పడే ఏర్పాటు కొన్నేళ్ళకే వచ్చింది. బండి పైకప్పుల మీద పరుగెత్తే పని అలా పోయింది. కానీ ఆ గొట్టం ప్రతి రెండు వ్యాగన్ల మధ్యా చేత్తోనే కలపాలి. నకిల్ తనంతట తాను కలుస్తుంది, గొట్టం కలవదు. ఐరోపాలో ఇప్పుడు గాలి గొట్టాన్నీ, కరెంటు తీగలనూ తనతోపాటే కలిపేసే డిజిటల్ కప్లర్ మీద పనిచేస్తున్నారు. మన గూడ్సు బండ్లకు ఇంకా మనిషి చెయ్యే.

ఈమధ్య ఒక రాత్రి అలాంటి సైడింగు బయట, రోడ్డు వంతెన మీద నిలబడి చూశాను. డీజిల్ ఇంజను రేకును నెమ్మదిగా వెనక్కు నెడుతోంది. పాతికేళ్ళ పాయింట్స్‌మన్, మెరిసే పట్టీల జాకెట్టు వేసుకుని, చేతిలో వాకీటాకీతో వ్యాగను పక్కనే నడుస్తున్నాడు. నడుమ ఎవరూ లేరు. తాకాయి. లాకు జారిన చప్పుడు వంతెన మీదికి వినిపించింది. ఇంజను ఒకసారి ముందుకు లాగి చూసింది, పట్టు ఊడలేదు. అతను ఎర్రదీపం చూపించాడు. తర్వాత ఒక్క క్షణం కదలకుండా, తల కాస్త పక్కకు వంచి నిలబడ్డాడు. వ్యాగన్ల చప్పుడు రేకు చివరిదాకా పాకి, అక్కడ ఆగిపోయింది. అప్పుడు వంగి లోపలికి దూరాడు. గొట్టాలు కలిపి, కాక్ తిప్పాడు. గాలి బుస్సుమంది. బయటికొచ్చి చేతులు దులుపుకొని పచ్చదీపం ఎత్తాడు.

ఇంటికెళ్ళి మామకు చెప్పాను. ఆయనకిప్పుడు ఎనభై దాటాయి, చూపు తగ్గింది. కప్లర్ గురించి, వాకీటాకీ గురించి అన్నీ విన్నాడు. విని ఒక్కటే అడిగాడు.

"చప్పుడు చచ్చినంకనే పోయిండా?"

"చచ్చినంకనే పోయిండు మామా."

ఆయన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకొని తల ఊపాడు.